మందు కంతి దాకా చేరాలంటే

(క్యాన్సర్ కంతిలోని రక్తనాళాలు, రోగనిరోధక వ్యవస్థ – ఒక పాఠం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాం. కానీ నీళ్ళచారు మీద, ట్రంకుపెట్టెల మీద, స్టడీ అవర్లో కునికిపాట్ల మీద మా ముందువాళ్ళు చాలాసార్లు రాశారు. అందుకని ఈసారి ఒక పాఠం రాస్తున్నాం. ఇది పుస్తకంలో చదవకముందే మా ఇంట్లో మాకు ఎదురైన పాఠం.

ఫైలు మా చేతికి వచ్చిన రోజు

మాది పెనుకొండ దగ్గర పల్లె. అన్నదమ్ములం ఇద్దరం హిందూపురం హాస్టల్లో ఉండి చదువుకున్నాం. మా ఇంటిలో అంతకు ముందు డిగ్రీ గడప తొక్కినవాళ్ళు లేరు. మా పెదనాన్న ధర్మవరంలో కూలిమగ్గం నేసేవాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నంతసేపూ చెంపలో పొగాకు ఉండవలసిందే. ఆకలి తెలియదని, నిద్ర రాదని చెప్పేవాడు.

మేము డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఆయన నాలుక పక్కన పుండు లేచింది. మందుల షాపులో ఇచ్చిన పూతమందు, విటమిన్ మాత్రలతో ఐదు నెలలు గడిచిపోయాయి. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన కారం తినలేక మజ్జిగన్నం మింగడం మేము కళ్ళారా చూశాం. చూసి కూడా ఊరుకున్నాం. మెడ కింద గడ్డ తేలిన తరువాతే బెంగళూరు రైలు ఎక్కించాం.

అక్కడ పరీక్షలన్నీ అయ్యాక ఒక లావుపాటి ఫైలు ఇచ్చారు. పెదనాన్న దాన్ని మా చేతిలో పెట్టి "సదువుకున్నోళ్ళు గదరా నాయనా, ఏం రాసినారో సెప్పండి" అన్నాడు. అక్షరాలు చదవగలిగాం. అర్థం ఒక్క వాక్యానికి కూడా చెప్పలేకపోయాం. హాస్టల్లో, కాలేజీలో తెచ్చుకున్న మార్కులన్నీ ఆ నిమిషంలో ఎందుకూ పనికిరాలేదు.

మూడుసార్లు మందు ఎక్కించాక స్కానింగ్ తీస్తే గడ్డ కొద్దిగా మాత్రమే తగ్గింది. అప్పుడు పెదనాన్న ఇంకో మాట అడిగాడు. "నరానికే గదా ఎక్కించినారు. ఒళ్ళంతా తిరిగిన మందు ఆ గడ్డలోకి మాత్రం పోలేదా?" అందరం ఆయన్ను ఊరుకోబెట్టాం. ఆ మరుసటి ఏడాది ఆయన పోయాడు.

ఆయన విషయంలో ఏ కారణం ఎంత పనిచేసిందో మేము చెప్పలేం. ఆలస్యం మాత్రం మాదే. కానీ ఎమ్మెస్సీలో చేరాక మాకు తెలిసినదేమంటే, ఏ చదువూ లేని మా పెదనాన్న అడిగిన ప్రశ్ననే ప్రపంచంలోని పెద్ద శాస్త్రవేత్తలు యాభై ఏళ్ళుగా అడుగుతున్నారు. దానికి దొరికిన జవాబును మా చేతనైనంతలో ఇక్కడ చెబుతాం.

కంతికి కూడా అన్నం నీళ్ళు కావాలి

మన శరీరంలో ప్రతి కణానికి ప్రాణవాయువు, ఆహారం రక్తం ద్వారానే అందుతాయి. సన్నని రక్తనాళం నుంచి ప్రాణవాయువు సుమారు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దూరం వరకే ఇంకుతుంది. అంతకు మించి దూరంలో ఉన్న కణం ఊపిరాడక చచ్చిపోతుంది. క్యాన్సర్ కణాలకూ ఇదే నియమం. కాబట్టి క్యాన్సర్ కంతి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి సొంతంగా రక్తనాళాలు కావాలి.

ఈ సంగతిని 1971లో అమెరికా శస్త్రవైద్యుడు జుడా ఫోక్‌మన్ గట్టిగా ప్రతిపాదించాడు. కంతి కొన్ని రసాయనాలను వదిలి, పక్కనున్న మంచి రక్తనాళాల నుంచి కొత్త కొమ్మలను తనవైపు లాక్కుంటుందనీ, ఆ కొమ్మలను ఆపగలిగితే కంతి పెరగదనీ ఆయన వాదన. మొదట్లో చాలామంది నమ్మలేదు. తరువాత 1980ల్లో ఆ రసాయనాల్లో ముఖ్యమైనది దొరికింది. దాని పేరు వీఈజీఎఫ్. ఇది చెడ్డ పదార్థమేమీ కాదు. గాయం మానేటప్పుడు, తల్లి కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు రక్తనాళాలు పుట్టించేది ఇదే. కంతి దీన్ని అదుపు లేకుండా వాడుకుంటుంది.

వీఈజీఎఫ్‌ను పట్టి బంధించే బెవాసిజుమాబ్ అనే మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదట పెద్దపేగు క్యాన్సర్‌కు వాడారు. కంతికి నీళ్ళు ఆపేస్తే ఎండిపోతుందని అందరూ ఆశపడ్డారు. కానీ ఒక చిత్రం జరిగింది. చాలా రకాల క్యాన్సర్లలో ఈ మందును ఒంటరిగా ఇస్తే పెద్దగా లాభం కనబడలేదు. కీమోథెరపీతో కలిపి ఇచ్చినచోట మేలు కనబడింది. ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఉంది. రక్తనాళాలను ఆపే మందు ఇస్తే, ఆ నాళాల గుండానే పోవలసిన కీమో మందు కూడా ఆగిపోవాలి గదా? కలిపితే లాభం ఎలా వచ్చింది?

ఉడుతలు కొరికిన డ్రిప్పు పైపులు

దీనికి జవాబు మన పొలాల్లోనే ఉంది. మన ప్రాంతంలో చీనీ తోటకో, టమోటాకో, మల్బరీకో డ్రిప్పు వేయని రైతు తక్కువ. పైపు బాగుంటే తొట్టిలో కలిపిన ఎరువు చివరి సాలులోని చివరి మొక్క దాకా పోతుంది. అదే పైపును ఉడుతలు పది చోట్ల కొరికితే ఏమవుతుంది? మొదట్లోనే నీళ్ళు కారిపోయి బురద అవుతుంది. పైపు చివర చుక్క రాదు. మోటారు ఎంతసేపు ఆడించినా, ఎరువు ఎంత ఎక్కువ కలిపినా చివరి మొక్కకు అందదు.

కంతిలోని రక్తనాళాలు ఇలాంటివే. తొందరతొందరగా పుట్టినవి కాబట్టి వంకరటింకరగా ఉంటాయి. గోడలు గట్టిగా ఉండవు. ఎక్కడబడితే అక్కడ కారుతాయి. కారిన ద్రవం కంతి లోపల నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి బయటి నుంచి వచ్చే మందు లోపలికి దిగలేదు. కొన్ని భాగాలకు రక్తమే పోదు.

దీనివల్ల మూడు నష్టాలు కలుగుతాయి. మొదటిది, కీమోథెరపీ మందు కంతి అంతటికీ సమానంగా చేరదు. రెండవది, రేడియేషన్ బలం తగ్గుతుంది. రేడియేషన్ చేసిన దెబ్బ శాశ్వతం కావాలంటే కణంలో ప్రాణవాయువు ఉండాలి. ప్రాణవాయువు లేని కణాన్ని చంపడానికి సుమారు రెండున్నర నుంచి మూడు రెట్లు ఎక్కువ రేడియేషన్ కావాలి. ఈ సంగతి 1950ల నుంచే తెలుసు. మూడవది, ఊపిరాడని క్యాన్సర్ కణాలు మరింత మొండిగా మారి, వేరే చోటికి పాకే గుణం పెంచుకుంటాయి.

2001లో రాకేశ్ జైన్ అనే శాస్త్రవేత్త ఒక కొత్త ఆలోచన చెప్పారు. ఆయన కాన్పూరు ఐఐటీలో కెమికల్ ఇంజనీరింగు చదివి, అమెరికాలో హార్వర్డ్‌లో కంతుల మీద పరిశోధన చేసినవారు. ఇంజనీరు కాబట్టి కంతిని ఆయన పైపులు, ఒత్తిడి, ప్రవాహం దృష్టితో చూశారు. వీఈజీఎఫ్‌ను తగిన మోతాదులో అణిస్తే కొంతకాలం పాటు కంతిలోని నాళాలు చావకుండా బాగుపడతాయని ఆయన వాదించారు. కారడం తగ్గుతుంది, ఒత్తిడి దిగుతుంది, రక్తం సాఫీగా పారుతుంది. ఆ సందులో ఇచ్చిన మందు, రేడియేషన్ బాగా పనిచేస్తాయి. మోతాదు మరీ ఎక్కువైతే నాళాలే నశించి దారి మూసుకుపోతుంది. అంటే పైపు కోసేయడం కాదు, చిల్లులు పూడ్చడం. దీన్నే రక్తనాళాల సాధారణీకరణ అంటారు.

పట్టాలు, సిగ్నలు

ఇక రెండో భాగానికి వద్దాం. మన శరీరంలో పోలీసుల వంటి తెల్ల రక్తకణాలున్నాయని తొమ్మిదో తరగతిలోనే చదివాం. వాటిలో టి-కణాలు మారిపోయిన కణాన్ని గుర్తుపట్టి చంపగలవు. మరి క్యాన్సర్ కణాలను ఎందుకు వదిలేస్తున్నాయి?

ధర్మవరంలో బయలుదేరిన రైలు పెనుకొండ మీదుగా హిందూపురం చేరాలంటే రెండు కావాలి. పట్టాలు బాగుండాలి, సిగ్నల్ పచ్చగా ఉండాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే రైలు మధ్యలో నిలబడుతుంది.

టి-కణాలకు పట్టాలు రక్తనాళాలే. మామూలుగా వాపు వచ్చిన చోట రక్తనాళపు గోడ మీద కొన్ని అంటుకునే అణువులు మొలుస్తాయి. టి-కణం వాటిని పట్టుకుని ఆగి, గోడ సందులోంచి బయటికి దిగుతుంది. కంతిలోని నాళాలలో ఈ అణువులు తక్కువ. స్టేషన్లో ప్లాట్‌ఫారం లేనట్టే లెక్క. రైలు ఆగదు, ప్రయాణికుడు దిగలేడు. పైగా వీఈజీఎఫ్ ఎక్కువైతే, శత్రువును టి-కణాలకు చూపించే డెండ్రైటిక్ కణాలు సరిగా ఎదగవు. ప్రాణవాయువు లేని చోట రోగనిరోధక శక్తిని అణచే కణాలు గుమిగూడతాయి.

కష్టపడి లోపలికి దిగిన టి-కణానికి అక్కడ ఎర్ర సిగ్నల్ ఎదురవుతుంది. టి-కణం మీద పీడీ-1 అనే బ్రేకు ఉంది. మన సొంత కణాల మీద అనవసరంగా దాడి చేయకుండా ప్రకృతి పెట్టిన బ్రేకు అది. దీన్ని 1992లో జపానులో తసుకు హోంజో బృందం కనుగొంది. క్యాన్సర్ కణం తన మీద పీడీ-ఎల్1 అనే పదార్థాన్ని మొలిపించుకుని సరిగ్గా ఆ బ్రేకును నొక్కుతుంది. టి-కణం పక్కనే నిలబడి కూడా చెయ్యెత్తదు. సీటీఎల్ఏ-4 అని ఇంకో బ్రేకు ఉంది. దాన్ని వదిలిస్తే ఎలుకల్లో కంతులు కరుగుతాయని 1996లో అమెరికాలో జేమ్స్ ఆలిసన్ బృందం చూపింది. ఈ బ్రేకులను వదిలించే మందులు 2011 నుంచి వాడుకలోకి వచ్చాయి. ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఈ మందులు అందరికీ పనిచేయలేదు. చాలామంది రోగుల్లో గుణం కనబడలేదు. దానికి అనేక కారణాలున్నాయి. అందులో ఒకటి మనకిప్పుడు తెలుసు. సిగ్నల్ పచ్చగా మార్చినా, పట్టాలు లేని చోటికి రైలు రాదు.

రెండు పనులూ కలిపితే

అందువల్ల రెండింటినీ కలిపి చూశారు. కాలేయ క్యాన్సర్ ముదిరినవారికి వీఈజీఎఫ్‌ను అణిచే బెవాసిజుమాబ్, బ్రేకు వదిలించే అటెజోలిజుమాబ్ కలిపి ఇచ్చిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. అంతవరకు వాడుతున్న సొరాఫెనిబ్ మాత్రలతో ఏడాది తరువాత బతికి ఉన్నవారు నూటికి సుమారు 55 మంది. రెండు మందులు కలిపి తీసుకున్నవారిలో సుమారు 67 మంది. ఇది పూర్తిగా నయం కావడం కాదు. కానీ ఎన్నో ఏళ్ళుగా కదలని చోట ఒక అడుగు పడింది.

ఇంకో ఆసక్తికరమైన విషయం కూడా ఉంది. పట్టాలు బాగుపడితే టి-కణాలు వస్తాయి, సరే. వచ్చిన టి-కణాలు వదిలే కొన్ని పదార్థాల వల్ల రక్తనాళాలు మరింత బాగుపడతాయని ఎలుకల మీద చేసిన పరిశోధనలు చూపాయి. అంటే ఒకదానికొకటి చెయ్యందించుకుంటాయి. అందుకే ఇప్పుడు ఈ రెండింటినీ వేరువేరు పాఠాలుగా చదవకూడదంటున్నారు.

తెలుగువాడి మందు, మన దేశపు మోతాదు

ఇక్కడ మనం గర్వంగా చెప్పుకోవలసిన పేరు ఒకటుంది. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాసు కాలేదు. పరీక్ష తప్పిన తమ్ముళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. అక్కడ లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, తరువాత దానికి విరుగుడుగా పనిచేసే మందులను తయారు చేసింది. వాటిలో అమినాప్టెరిన్‌ను డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి కొంతకాలం మెరుగు కనబడింది. ఆ సంగతి 1948లో ప్రచురించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అదే కోవలోని మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ వాడుకలో ఉంది.

ఇప్పుడు ఆ మందు మన పాఠంలోకి ఎలా వచ్చిందో చూడండి. కీమో మందును ఒకేసారి పెద్ద మోతాదులో కాకుండా చిన్న మోతాదుల్లో తరచుగా ఇస్తే, అది కంతి రక్తనాళాల మీద పనిచేస్తుందని 2000 సంవత్సరంలో ఫోక్‌మన్ బృందం ఎలుకల్లో చూపింది. ఖర్చు తక్కువ కాబట్టి మన దేశంలో ఈ పద్ధతిని శ్రద్ధగా పరీక్షించారు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు నోరు, గొంతు వంటి తల–మెడ క్యాన్సర్ ముదిరి, ఇక నయం కాదనుకున్న 151 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు ఇచ్చారు. రెండో జట్టుకు వీటితోపాటు పీడీ-1 బ్రేకు వదిలించే నివోలుమాబ్‌ను మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే ఇచ్చారు. ఈ మందు మామూలు మోతాదు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. అంటే పద్దెనిమిదో వంతు.

2022లో వచ్చిన ఫలితం ఇది. ఏడాది తరువాత మొదటి జట్టులో నూటికి 16 మంది, రెండో జట్టులో నూటికి 43 మంది బతికి ఉన్నారు. వందల ఎకరాల ఆస్తి ఉన్నవాడికే అందే మందును కూలివాడి దగ్గరికి తీసుకురావడానికి మన వైద్యులు చేసిన ప్రయత్నం అది. అలా బతికి ఉన్న ఒక్కొక్కరి వెనుక ఒక ఇల్లు ఉంది. ఈ లెక్క చదివిన రోజు మేము అన్నదమ్ములం ఫోనులో చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం.

జాగ్రత్తలు

ఈ మందులకు కష్టాలూ ఉన్నాయి. వీఈజీఎఫ్‌ను అణిస్తే రక్తపోటు పెరగవచ్చు, రక్తస్రావం కావచ్చు, గాయాలు ఆలస్యంగా మానుతాయి. అందుకే ఆపరేషనుకు ముందు వెనుకల ఇవ్వరు. బ్రేకు వదిలించిన టి-కణాలు ఒక్కోసారి ఊపిరితిత్తులు, పేగులు, థైరాయిడ్ మీద కూడా దాడి చేస్తాయి. ఏది ఎవరికి ఎంత ఇవ్వాలన్నది క్యాన్సర్ వైద్యులే నిర్ణయించాలి.

ఇంకో మాట. "రోగనిరోధక శక్తి పెంచుతుంది" అని డబ్బాల మీద రాసి అమ్మే పొడులకు, ఈ చికిత్సకు ఏ సంబంధమూ లేదు. క్యాన్సర్ ఉన్నవారి ఇంటికి ఇలాంటి డబ్బాలు ముందుగా చేరతాయి. మా ఇంటికీ చేరాయి. వాటికోసం పోయిన డబ్బుకన్నా పోయిన రోజులే ఎక్కువ నష్టం చేశాయి.

మనం చేయవలసినది

ఇంత పాఠం చెప్పి చివరకు చెప్పేది చిన్న మాట. కంతి చిన్నగా ఉన్నప్పుడు ఈ పట్టాల గొడవ, సిగ్నళ్ళ గొడవ చాలావరకు ఉండదు. చిన్న కంతిని ఆపరేషనుతోనో రేడియేషనుతోనో పూర్తిగా తీసేసే అవకాశం ఎక్కువ. మన చేతిలో ఉన్న అన్నిటికన్నా గొప్ప మందు తొందరగా వెళ్ళడమే.

ఈ కింది విషయాలు నోటుపుస్తకంలో రాసుకోండి.

1. నోటిలో పుండు మూడు వారాలకు మానకపోతే పూతమందుతో ఆగవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాలి.
2. బుగ్గ లోపల, నాలుక మీద తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, మెడలో నొప్పిలేని గడ్డ ఇవన్నీ హెచ్చరికలే.
3. పొగాకు, గుట్కా, ఖైనీ, వక్క నోటి క్యాన్సర్‌కు కారణాలు. హాస్టల్ గోడ వెనుక మొదలైన అలవాటు మగ్గం గుంత దాకా వస్తుంది.
4. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న ప్రభుత్వ పథకంలో క్యాన్సర్ చికిత్సలున్నాయి. ఖర్చుకు భయపడి ఇంట్లో కూర్చోవద్దు.
5. ఆసుపత్రి ఫైలులో అర్థంకాని మాట ఉంటే డాక్టరును అడగాలి. అడగడం తప్పు కాదు. మూడు ప్రశ్నలు చాలు: జబ్బు ఎంత దూరం పోయింది? ఈ మందు దేనికి? ఇది పనిచేస్తున్నదని ఎప్పుడు తెలుస్తుంది?

తమ్ముళ్ళారా, మన ఇళ్ళలో ఎవరికి జబ్బు చేసినా ఫైలు మన చేతికే వస్తుంది. పదో తరగతి చదువుతున్నా, డిగ్రీ చదువుతున్నా, ఇంటివాళ్ళ దృష్టిలో చదువుకున్నవాళ్ళం మనమే. సైన్సు పాఠాన్ని మార్కుల కోసమే కాక, ఆ రోజు కోసం కూడా చదవండి. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నలను, పెద్దవాళ్ళను ఒకసారి వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరవమని అడగండి. నవ్వుతారు, తిడతారు. అయినా చూడండి.

మా పెదనాన్న ప్రశ్నకు జవాబు ఆయనకు చెప్పలేకపోయాం. మీకు చెప్పాం.